తలుపు వేసి రా

నల్లరంగు ఒక పట్టాన వదలడం లేదు. సబ్బు రాసి, తడిగుడ్డతో చెవుల వెనక రుద్ది అద్దంలో చూసుకుంటే ఇంకా సగం తల నలభై ఏళ్ల మనిషిది, సగం తల తనది. ఇరవై రెండేళ్ల కిందట ఇదే నాటకంలో ఇదే తండ్రి వేషం కట్టినప్పుడు, మొదటి అంకం అవగానే తలకు తెల్లపొడి పట్టించుకునేవాడు. ఇప్పుడు మొదటి అంకానికి నల్లరంగు పూసుకుని చివరి అంకానికి కడుక్కుంటే సరిపోతోంది. ముసలివేషం వెయ్యనక్కర్లేదు, ఉన్న వేషం తీసేస్తే చాలు. ఈ మాట మొన్నటిదాకా తనే అందరికీ చెప్పి నవ్వించేవాడు బాబాయ్. నాటక సమాజంలో చిన్నా పెద్దా అందరికీ ఆయన బాబాయే, పక్కన తెర చాటున కూర్చుని మాట అందించే ఆయన భార్య అందరికీ పిన్నే. ఇవాళ ఆ మాట గుర్తొచ్చినా నవ్వు రాలేదు. గోడకు బిగించిన చిన్న స్పీకరులోంచి రెండో అంకం గరగరమంటూ వినిపిస్తోంది. మొదటి అంకంలో తండ్రి కూతుర్ని ఇంట్లోంచి పొమ్మంటాడు. రెండో అంకమంతా ఆ పిల్ల పరాయి ఊళ్లో పడే పాట్లు, అందులో తండ్రికి పని లేదు, యాభై నిమిషాలు ఈ గదిలో ఈ అద్దం ముందు కూర్చోవడమే. చివరి అంకంలో తొమ్మిదేళ్ల తర్వాత ఆ పిల్ల వచ్చి గుమ్మంలో నిలబడుతుంది, ఆయన తలుపు తీస్తాడు, కాసేపు చూస్తాడు, "తలుపు వేసి రా. చలిగా ఉంది" అంటాడు. అంతే. క్షమించాననడు, క్షమించమనడు. ఐదు ముక్కలు. మొదటి అంకంలో పేజీన్నర తిట్లున్నాయి, అవి నిద్రలో లేపి అడిగినా ఒప్పజెబుతాడు. ఇబ్బందంతా ఈ ఐదు ముక్కలతోనే. తలుపు వేసి రా, చలిగా ఉంది. ఉంది, ఇక్కడే ఉంది, ఎక్కడికీ పోలేదు. మళ్లీ ఒకసారి అనుకున్నాడు. ఇంకోసారి. ఎక్కువసార్లు అనుకుంటే అరిగిపోతుందేమోనని ఆపేసి, తడిగుడ్డ పిండాడు.

పన్నెండు రోజుల కిందట పోయింది అది. మామూలుగానే తలుపు తీశాడు, మామూలుగానే వీపు ప్రేక్షకుల వైపు, చేతులు వెనక్కి కట్టుకుని, గుమ్మంలో ఆ పిల్ల, ఆ పిల్ల వెనక చలిగాలి కోసం పెట్టిన పెద్ద ఫ్యాను. నోరు తెరిచాడు, మాట లేదు. తడబడినట్టు కూడా లేదు, తడబడాలంటే ఏదో ఒకటి ఉండాలి కదా, అక్కడ ఏమీ లేదు, సామాను ఖాళీ చేసేసిన గదిలా ఉంది బుర్ర. అది నాటకమని తెలుసు, తను ఫలానా అని తెలుసు, ఎదుట ఉన్న పిల్ల చెవికి పెట్టుకున్న రింగు కొంచెం వంగి ఉందని కూడా తెలుసు, ఏమనాలో తెలియదు. చెయ్యి దాని పని అది చేసింది. ఎడమచేతి బొటనవేలు చూపుడువేలిని నొక్కింది. అది భార్యకు గుర్తు, మాట అందించమని. ముప్ఫై ఏళ్లుగా ఆ వేలు నొక్కడం, మూడడుగుల దూరంలో వింగులో, పక్కతెర చాటున, స్టూలు మీద కూర్చున్న ఆవిడ మొదటి అక్షరం అందించడం, ఈలోగా ప్రేక్షకుడి కనురెప్ప కూడా పడకపోవడం. ఆ రోజు నొక్కాడు, అక్షరం రాలేదు. ఇంకా గట్టిగా నొక్కాడు. రాలేదు. గోరు దిగి ఎర్రబడేదాకా నొక్కాడు. హాల్లో ఎవరో ముక్కు చీదారు. ఎవరో వెక్కారు. ఈయనకు అవేవీ పట్టలేదు, వెతుక్కుంటున్నాడు, బస్సు కదిలిపోతుంటే జేబులో టికెట్టు వెతుక్కునేవాడిలా. చివరికి ఫ్యాను గాలి పాదాలకు తగిలింది. చెప్పుల్లేని కాళ్లు, చల్లగా తగిలింది. చలి. చలిగా ఉంది. ఆ, తలుపు. ఆ మాట బుర్రలోంచి కాదు, పాదాల్లోంచి వచ్చింది. అన్నాడు. తెర పడింది. అంత చప్పట్ల హోరు ఈ హాల్లో ఆయన ఎప్పుడూ వినలేదు.

స్పీకరులో ఆ పిల్ల గొంతు ఎవరినో గది అద్దెకిమ్మని బతిమాలుతోంది. బాగా చేస్తోంది, కాస్త తొందరెక్కువ, వయసు మీద అదే సర్దుకుంటుంది. బాబాయ్ కుర్చీలోంచి లేచాడు, కూర్చున్నాడు, దువ్వెన తీసుకున్నాడు, పెట్టేశాడు. ఆ రోజు తెర పడ్డాక ఒకాయన లోపలికొచ్చాడు. ఏదో ఆఫీసులో గుమాస్తాలా ఉన్నాడు, చేతిలో మడిచిన గొడుగు. "మా అమ్మాయితో నాలుగేళ్లుగా మాటల్లేవండీ. ఇప్పుడే బయట నిలబడి ఫోన్ చేశాను. రేపొస్తానంది" అని, ఆ గొడుగును రెండు చేతులతోనూ పట్టుకుని నిలబడ్డాడు. బాబాయ్ దణ్ణం పెట్టాడు. ఏమని చెబుతాడు? మీరు చూసింది పశ్చాత్తాపం కాదు నాయనా, మతిమరుపు, అని చెబుతాడా? మీ అమ్మాయి రేపు బండెక్కుతోంది నా బుర్ర ఖాళీ అయినందుకు, అని చెబుతాడా? ఆ మౌనంలో కూతురి మీద ప్రేమ లేదు, దుఃఖం లేదు, పిల్లలే లేని మనిషికి కూతురి దుఃఖం అసలు ఎక్కణ్ణుంచి తెస్తాడు, అక్కడున్నదల్లా భయం, అదీ తన గురించి, పరువు పోతుందన్న భయం. వీపు చూసి జనం ఏడ్చారు. నిజంగా గుండె కరిగి చేసిన రోజులున్నాయి ఇదే వేషంలో, తల్లి పోయిన వారం రోజులకే చేశాడు, ఆ ఐదు ముక్కలు గొంతులో ఇరుక్కుపోయి నిజంగానే వణికాడు, ఆ రోజు మూడో వరసలో ఒకావిడ చేతిసంచి జిప్పు తీసి బిళ్లల కాగితం చించుతూ కూర్చుంది. ఆ చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది.

ఏడుపు గురించి తెలిసినవాళ్లు ఇద్దరే అనుకునేవాడు బాబాయ్, ఒకరు తనకు నాటకం నేర్పిన పెద్దాయన, ఇంకొకడు కుళాయి. కుళాయి అంటే వాడి పేరు కాదు, వాడి కళ్లకు పెట్టిన పేరు. తిప్పితే చాలు, ధార. ఎలా వస్తాయిరా అంటే, మా అమ్మ పోయిన రోజు గుర్తు చేసుకుంటాను, నడవాలో ఆవిడ చెప్పులు గుర్తు చేసుకుంటాను, అనేవాడు. ఆరేడేళ్లు వారానికి మూడు ఆటలు ఆ చెప్పుల మీదే నడిచాయి. ఒక రోజు తెర వెనక గోడకు తల ఆనించి నిలబడ్డాడు, ఏమైందిరా అంటే, "అమ్మ పనిచెయ్యడం మానేసింది" అన్నాడు. అందరూ నవ్వారు, బాబాయ్ కూడా నవ్వాడు. వాడు నవ్వలేదు. అమ్మను వాడేసుకున్నాను, ఇక ఇంటికెళ్లి గుర్తు చేసుకుందామన్నా ఏమీ మిగల్లేదు, అన్నాడు. ఆ తర్వాత ఏడాదే రంగం వదిలేసి ఎవరిదో గిడ్డంగిలో పనికి కుదిరాడు. పెద్దాయన దారి వేరు. నువ్వు ఏడిస్తే ప్రేక్షకుడికి పనేం మిగిలింది, వాడి పని నువ్వు చెయ్యకు, అనేవాడు. దుఃఖం చూపించమంటే కళ్లు నలుపుకుంటారేంరా వెధవల్లారా, దుఃఖం కళ్లల్లో కూర్చోదు, పాదాల్లో కూర్చుంటుంది, దుఃఖంలో ఉన్నవాడు కళ్లజోడు వెతుక్కుంటాడు, తాళంచెవి వెతుక్కుంటాడు, మీరూ ఏదైనా వెతకండి, అని ఖాళీ స్టేజీ మీద గంటలు గంటలు లేని తాళంచెవి వెతికించేవాడు. నలభై ఏళ్లు పాఠం చదివి, ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నిజంగా వెతుక్కున్నాడు. పెద్దాయన ఉంటే ఏమనేవాడో. బాగుందిరా, అనేవాడేమో. ఏం పోయిందిరా, అనేవాడు కూడా. రెండోది అడిగేవాళ్లు ఇప్పుడు ఎవరూ లేరు.

ఒక్క మనిషి అడగాలి నిజానికి. ఆ రోజు తిరిగి వెళ్తూ బస్సులో కిటికీ పక్కన కూర్చుని, నాటకం పుస్తకమున్న గుడ్డసంచి ఒళ్లో పెట్టుకుని, భార్య ఉన్నట్టుండి అడిగింది, "ఆ చెయ్యి ఎక్కడ దొరికింది మీకు?" అని. ఆయనకు ముందు అర్థం కాలేదు. "అదే, వెనక్కి కట్టుకుని వేలు నొక్కుకున్నారు చూడండి. ఇన్నేళ్లలో ఈ చోట ఎప్పుడూ చెయ్యలేదు మీరు. ఆ తండ్రి చెయ్యే అనుకోండి. పుస్తకం వదిలేసి చూస్తూ ఉండిపోయాను, నాకే సిగ్గేసింది" అంది. చూసింది. ప్రతిసారీ ఆ వేలు చూసి అక్షరం అందించిన మనిషి, ఆ రోజూ చూసింది, మొగుడి వేలు కాదు, నాటకంలో తండ్రి వేలు అనుకుంది. ముప్ఫై ఏళ్లుగా తన ఏ ఎత్తుగడకూ పడని మనిషి, అన్ని తమాషాలూ లోపలివైపు నుంచి చూసిన మనిషి, మొట్టమొదటిసారి నమ్మింది. నటుడికి అంతకన్నా ఏం కావాలి. బస్సులోంచి దూకేద్దామనిపించింది. ఆ క్షణంలో చెప్పేస్తే పోయేది, గుర్తే చేశానే పిచ్చిదానా, అంటే పోయేది. "దొరికింది" అన్నాడు. ఏదో గెలిచినవాడిలా అన్నాడు.

ఆ గుర్తు కనిపెట్టింది కూడా ఆవిడే. అంతకు ముందు దగ్గు ఉండేది, మాట కావలిస్తే చిన్నగా దగ్గడం. చలికాలం వచ్చేసరికి హాలంతా దగ్గేది, ఆవిడ పాపం ఎవరు దగ్గినా అందించేది, ఒకసారి సేనాపతి మాట మహారాణికి అందించి కోటను శత్రువుకు అప్పజెప్పించింది. ఇంటికొచ్చి వంటగది బల్ల దగ్గర ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వి, బొటనవేలు చూపుడువేలి మీద పెట్టి, ఇదీ, ఇది ఎవడికీ కనపడదు, నాకు కనపడుతుంది, అంది. ఇప్పుడది అందరికీ కనపడింది. పత్రికలో ఎవరో ఆ వేలి గురించే రెండు వాక్యాలు రాశారు. ఈ నాటకం మళ్లీ ఆడిస్తున్న డైరెక్టరు పిల్ల, ముప్ఫై నిండలేదు, తెలివైనదే, "బాబాయ్, ఆ చెయ్యి అలాగే ఉంచెయ్యండి. ఎనిమిది లెక్కపెట్టుకుని అప్పుడు మాట" అని చెప్పి, పిన్ని పుస్తకంలో ఆ చోట ఎర్రసున్నా చుట్టింది. ఇక్కడ ఏం జరిగినా అందించొద్దని. రెండు రిహార్సల్సులో ఎనిమిది లెక్కపెట్టాడు, మాట ఠంచనుగా ఉంది, మౌనం మాత్రం దేనికో క్యూలో నిలబడ్డవాడి మౌనంలా ఉంది. "ఆ రోజులా లేదు బాబాయ్" అంది ఆ పిల్ల. లేదమ్మా, ఆ రోజులా లేదు. కానీ ఇవాళ ఆ రోజులా అయితే? నిజంగా పోతే? వేలు నొక్కుతాడు, అది నటన. గట్టిగా నొక్కుతాడు, బ్రహ్మాండమైన నటన. గోరు దిగి రక్తం వస్తే లేచి నిలబడి చప్పట్లు కొడతారు. మునిగిపోతూ చెయ్యి ఊపుతుంటే ఒడ్డున జనం చెయ్యి ఊపినట్టు. ఆ ఒక్క చోట తప్ప నాటకంలో ఎక్కడ పోయినా ఆవిడ ఉంది, ఆ ఒక్క చోటే ఎవరూ లేరు. చెప్పాలి. ఈ విరామంలో చెప్పాలి.

చెబితే అడుగుతుంది. ఎప్పటినుంచీ, అని అడుగుతుంది. అదీ అసలు సంగతి. నీళ్లు పొయ్యకుండానే గిన్నె పొయ్యి మీద పెట్టి, మాడువాసనకు పరుగెత్తి, కిటికీలు తెరిచి, గిన్నె తోమి, ఆవిడ వచ్చేసరికి పేపరు చదువుతూ కూర్చున్న రోజు చెప్పాలి. రోజూ వెళ్లే మందుల షాపు ముందునుంచే రెండుసార్లు దాటిపోయిన సంగతి చెప్పాలి. అందరికీ జరిగేవే, అరవై ఆరేళ్లకు జరక్క ఏం చేస్తాయి, ఆవిడ మాత్రం కళ్లజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతకదూ. కానీ పెద్దన్నయ్యకూ అలాగే మొదలైంది, గిన్నెలతో, షాపులతో. చివరి ఏడాది తన ఇంట్లో తన సోఫాలో బుద్ధిగా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని, నా స్టాపు వచ్చిందా అని వదినను అడిగేవాడు. ఇంకా రాలేదండీ, వచ్చాక చెబుతాను, అనేది వదిన. మొదట్లో ఏడ్చేది, తర్వాత తర్వాత కండక్టరులా హాయిగా చెప్పేది. ఆవిడ అంత బాగా చేసేది ఆ వేషం. ఒక రోజు బాబాయ్ వెళ్లినప్పుడు అన్నయ్య పక్కకు జరిగి చోటిచ్చాడు, "మీరు ఎక్కడిదాకా?" అని మర్యాదగా అడిగాడు. ఇక్కడిదాకానే, అన్నాడు బాబాయ్. నలభై ఏళ్ల అనుభవం ఉన్న నటుడు, గొంతు కొంచెం కూడా తేడా రానివ్వలేదు. ఇంటికొచ్చి బట్టలు మార్చుకోకుండా నడవాలో నిలబడిపోయాడు. భార్య ఏమీ అడక్కుండా చొక్కా గుండీలు విప్పింది.

స్పీకరులో సంగీతం మొదలైంది. అంటే ఇంకో పది నిమిషాల్లో విరామం. తల పూర్తిగా తెల్లబడింది, మనిషి పూర్తిగా తనే అయ్యాడు, ముతక చొక్కా తొడుక్కున్నాడు. ఎందుకొస్తారు వీళ్లంతా అనిపించింది. అద్దం అంచున అంటించిన సీట్ల పటం మీద ఇవాళ అన్నీ నిండినట్టు గుర్తు ఉంది. ఇంట్లో ఏడుపులు చాలవా, టికెట్టు కొనుక్కుని ఇంకొకళ్ల ఏడుపు చూడ్డానికి వస్తారు. చీకట్లో కూర్చుంటే తన ఇంటి తలుపు ఎదుటివాడి తలుపులా కనిపిస్తుంది కాబోలు, తనది కాదనుకుంటే తియ్యడం తేలిక. ఆ గొడుగాయన కూతురు వచ్చిందో లేదో. వస్తే ఏమన్నాడో. ఏదో అనే ఉంటాడు, జీవితంలో ఎవరూ అందించరు కదా, తోచిందే అంటాడు. మాట తోచకపోతే? నిలబడతాడు. అంతే కదా, నిలబడటమే కదా తను చేసింది కూడా. అలాంటప్పుడు అది మోసమా? మోసం కాకపోతే ఇంత సిగ్గెందుకు? చెయ్యి ఊరుకోక మేకప్ బల్ల మీది కనుబొమల పెన్సిలు తీసింది. ఎడమ అరచేతిలో రాసుకున్నాడు. తలుపు వేసి రా. చలిగా ఉంది. అరచేతిలో మాటలు రాసుకుని వచ్చే కుర్రనటుల్ని జీవితమంతా ఏకిపారేసిన మనిషి. చేతిలో రాసుకున్నవాడు నటుడు కాదురా, సామాను కొనడానికి బజారుకెళ్లే మొగుడు, అని అందరి ముందూ కడిగేసిన మనిషి. చెమటకు అక్షరాలు అప్పుడే పాకుతున్నాయి. పైగా చేతులు వెనక్కి కట్టుకునే వేషం, వీపు వెనకున్న అరచెయ్యి ఎలా చదువుకుంటాడు? ఆ సంగతి తట్టేసరికి గంట మోగింది. తుడిచేద్దామని తడిగుడ్డ కోసం చూశాడు, ఎక్కడ పెట్టాడో కనపడలేదు.

ఆవిడ వచ్చింది. ఫ్లాస్కులో వేడినీళ్లు, విరామంలో గొంతు తడుపుకోవడం ఆవిడ అలవాటు, గుసగుసగా మాట్లాడేవాళ్లకే గొంతు ఎక్కువ ఎండుతుందట. కుర్చీ అంచున కూర్చుంది. "రెండో అంకంలో ఆ అద్దె గది అబ్బాయి మళ్లీ రెండు వాక్యాలు మింగేశాడు. అందిస్తే నావైపు తిరిగి చూస్తాడేంటండీ, థాంక్స్ చెబుతాడేమో అని భయమేసింది" అంది. ఆయన నవ్వాడు. చెప్పు, ఇప్పుడే చెప్పు. "ఇదిగో" అన్నాడు. "ఊఁ." "పుస్తకం దగ్గరే ఉంచుకో." "ఎప్పుడు దూరంగా ఉంచుకున్నాను?" అంది. అది కాదు, అనబోయాడు. ఎర్రసున్నా దగ్గర కూడా, అనబోయాడు. డైరెక్టరు పిల్ల తలుపులోంచి తల పెట్టి, "బాబాయ్, ఆ చెయ్యి మరిచిపోకండి" అని వెళ్లిపోయింది. మరవనమ్మా, అది ఒక్కటీ మరవను. ఆవిడ లేచి, "చొక్కా కఫ్ వేలాడుతోంది, ఇలా ఇవ్వండి" అంది. కుడిచెయ్యి ఇచ్చాడు. గుండీ పెట్టింది. ఎడమచెయ్యి, అంది. పిడికిలి బిగించి ఇచ్చాడు. గుండీ చిన్నది, కన్నం ఇరుకు, "వదులుగా పెట్టండి, నరాలు పొంగితే ఎలా పట్టేది" అంది. వదులు చేశాడు. ఆవిడ తల వంచుకునే ఉంది. గుండీ పట్టింది. పట్టాక కూడా కొంచెంసేపు ఆ చెయ్యి అలాగే పట్టుకుంది, లేదా అలా అనిపించిందో, ఆవిడ దూరపుచూపు కళ్లజోడు మెడలో వేలాడుతోంది, అది లేకుండా దగ్గరివి బాగానే కనిపిస్తాయి ఆవిడకు, లేదా దగ్గరివి కనపడనిది ఈయనకా, ఏది ఎవరిదో తడబడింది ఆయనకు. చూసిందా? చూస్తే ఏదో ఒకటి అనేది, ఊరుకునే మనిషి కాదు. రెండో గంట మోగింది. "పదండి" అని ఫ్లాస్కు మూత బిగించుకుని ముందు వెళ్లిపోయింది. అరచెయ్యి తెరిచి చూసుకున్నాడు. అంతా నల్లగా అలుక్కుపోయింది. ఒక్క "త" మిగిలింది.

వింగులో చీకటి. పాత చెక్క వాసన, పెయింటు వాసన, తాళ్ల వాసన. తలుపుకు మూడడుగుల దూరంలో ఆవిడ స్టూలు, ఆవిడ మోకాళ్ల మీద పుస్తకం, పుస్తకం మీద అరచేతంత దీపం, ఆ వెలుగులో ఆవిడ వేలు. వాక్యం కింద నడిచే వేలు. తెర లేచింది. తను వెళ్లాడు, కుర్చీలో కూర్చున్నాడు, పక్కింటాయనతో మాట్లాడాడు, ఆ మాటలన్నీ వాటంతటవే వచ్చాయి, పడ్డాయి, హాల్లో ఒకచోట నవ్వారు. పక్కింటాయన వెళ్లిపోయాడు. తలుపు తట్టిన చప్పుడు. లేచాడు. పాదాలు చల్లగా ఉన్నాయా? ఇంకా ఫ్యాను వెయ్యలేదు. నాలుగడుగులు. గొళ్లెం తీశాడు. గాలి వచ్చింది. గుమ్మంలో ఆ పిల్ల, చేతిలో సంచి, చెవికి రింగు, ఇవాళ వంకర లేదు, ఎవరో సరిచేశారు.

చేతులు వెనక్కి వెళ్లాయి. బొటనవేలు చూపుడువేలి మీదికి చేరింది, హాలంతా ఆ వేలునే చూస్తోందని వీపుకు తెలిసింది. ఒకటి. మాట ఉంది. ఐదు ముక్కలూ వరసగా ఉన్నాయి, ఒక్కటీ ఎటూ పోలేదు, నాలుక మీదే ఉన్నాయి. ఇక భయం లేదు, ఎనిమిది దాకా లెక్కపెట్టడమే. రెండు. ఉన్నాయి సరే, ఇవాళ ఉన్నాయి. వచ్చే ఆదివారం? ఆ పై ఆదివారం? మూడు. వేలు నొక్కాడు, డైరెక్టరు పిల్ల చెప్పినట్టే, జనానికి కావలసినట్టే.

"త."

వింగులోంచి. చాలా మెల్లగా, ఎప్పటిలా, ఊపిరి కన్నా కొంచెం గట్టిగా. ఎర్రసున్నా మధ్యలోంచి. అవసరం లేని అక్షరం, నోట్లో ఉన్న అక్షరమే మళ్లీ. చూసిందన్నమాట. గుండీ పెడుతున్నప్పుడు చూసింది, అన్నీ ఆ ఒక్క అక్షరంలో చదువుకుంది, పన్నెండు రోజులూ, గిన్నే, షాపూ, బస్సులో చెప్పిన అబద్ధం, అన్నీ. ఏమీ అడగలేదు. వెళ్లి స్టూలు మీద కూర్చుని, తన చోట తను ఉంది. అప్పుడు ఆయనకు ఏడుపొచ్చింది. పెద్దాయన నేర్పింది కాదు, కుళాయి తిప్పేది కాదు, ఏ వేషానిదీ కాదు, కళ్లు నిండి ముక్కు పక్కనుంచి పెదవి మీదికి వచ్చింది, ఉప్పగా తగిలింది. వీపు ప్రేక్షకుల వైపు ఉంది కాబట్టి ఎవరికీ కనపడలేదు. వాళ్లకు ఆ మౌనం ఆ రోజంత బాగా లేదు, మూడు లెక్కకే తెగిపోయింది, ఎక్కడో ఎవరో దగ్గారు కూడా. "తలుపు వేసి రా" అన్నాడు. "చలిగా ఉంది."

ఎదుటనున్న పిల్లకు ఒక్కదానికే కనపడింది. రెండేళ్లుగా ఈయన పక్కన చేస్తూ ఈయన కంట్లో తడి ఎప్పుడూ చూడని పిల్ల, నోరు కొద్దిగా తెరుచుకుని, సంచి పట్టుకుని లోపలికొచ్చేసింది, తలుపు వెయ్యడం మరిచిపోయింది. గాలి కొడుతూనే ఉంది. బాబాయ్ ఒక్క క్షణం చూశాడు, ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసి పక్కకు జరిపి, ముసలాయన నడకతో వెళ్లి తలుపు తనే వేశాడు. గొళ్లెం పెట్టేచోట నిలబడితే ఆవిడ చెయ్యి చాస్తే అందేంత దగ్గర. చూశాడు. ఆవిడ తలెత్తలేదు. చిన్న దీపం కింద ఆవిడ వేలు అప్పటికే తర్వాతి మాట మీదికి జరిగి ఉంది.